అభయానికి హస్తమేదీ?

మన ప్రభుత్వాలకు సంస్కృత సమాసాలపై మక్కువ మెండు. 2012 డిసెంబరు 16న ఢిల్లీలో కదిలే బస్సులో జరిగిన ఘోరం తరువాత, 2013 ఫిబ్రవరి బడ్జెటులో చిదంబరంగారు వేయి కోట్లతో ఒక నిధిని నెలకొల్పి దానికి ‘నిర్భయ’ అని పేరు పెట్టినారు. ఎవరినుండి భయం తొలగినదో వారు నిర్భయులు. బహువ్రీహి. ఆ సమాసంలో కనబడే పదాలకంటె బయట నిలిచిన అన్యపదార్థానికే ప్రాధాన్యమని ఏళ్ల తరబడి బడిపిల్లలకు చెప్పినవాణ్ణి. మనిషి లేనిదే ఆ మాటకు అర్థం లేదు. నిధిలో ఇంతవరకు సమకూరినది ఏడువేల కోట్లు దాటినది. అందులో ప్రయాణరక్షణకని తీసిన సొమ్ము ఎటు పోయినదో చూడండి: కెమెరాలకు, మీటలకు, పెట్టెలకు. మనిషికి కాదు. నా తగవు అక్కడనే.

మన రాష్ట్రంలో దీనికి ‘అభయం’ అని మరొక సమాసం పుట్టినది. 2020 నవంబరు 23న విశాఖపట్టణంలో వేయి ఆటోలతో ఆరంభించి, లక్ష వాహనాలకు విస్తరింపజేస్తామన్నారు. అంచనా వ్యయం సుమారు 138 కోట్లు. ఎక్కేముందు ప్రయాణికురాలు ఫోనుతో క్యూఆర్ కోడ్ పట్టి డ్రైవరు వివరాలు తెలుసుకోవాలి. ఆపద వస్తే మీట నొక్కాలి. వినడానికి బాగున్నది. అయితే ఆపదలో ఉన్న పిల్ల చేయి మీటను చేరగలదా? చేరినా, పామర్రు దాటి నిమ్మకూరు చేల నడుమ ఆటో ఆగితే అక్కడికి వచ్చేదెవరు, ఎంతసేపటికి? పెట్టె కొన్న పద్దులో ఆ వచ్చేవాడి జీతం ఉండదు.

దీనికి తోడు కేంద్రం వారి వింత. మోటారు వాహనాల నిబంధనలలో 125హెచ్ అని 2016లో ఒకటి చేర్చి, 2019 జనవరి 1 నుండి రిజిస్టరయ్యే ప్రజారవాణా వాహనాలకు ఆపద మీట, జాడ తెలిపే పరికరం తప్పనిసరి చేసినారు. మూడు చక్రాల బండ్లను మాత్రం మినహాయించినారు! చీకటి పడ్డాక ఈ డెల్టా పల్లెలకు మిగిలే వాహనం ఏదో, సరిగ్గా దానిని.

యంత్రం నిద్రపోదు, లంచం తినదు, సెలవడగదు అని కొందరు మిత్రులు వాదిస్తారు. నిజమే. కాని యంత్రం పలకరించదు కూడా. మచిలీపట్నం ఆడపడుచు ఒకతె, ఇరవైమూడేళ్ల సాఫ్ట్‌వేరు ఉద్యోగిని, క్రిస్మసు సెలవులకు ఇంటికి వచ్చి, విజయవాడలో రైలెక్కి, 2014 జనవరి 5 తెల్లవారుజామున ముంబయి లోకమాన్య తిలక్ టెర్మినస్‌లో దిగినది. జనవరి 16న ఆమె మృతదేహం దొరికినది. స్టేషనులో కెమెరాలున్నవి. ఆమె ఒక పురుషుని వెంట నడిచిపోవడం చిత్రించినవని పోలీసులు చెప్పినారు. “ఎక్కడికి తల్లీ ఈ వేళప్పుడు, ఎవరతను?” అని అడగడం ఏ కెమెరాకు తెలుసు? పోనీ, తరువాతనైనా అక్కరకు వచ్చినదా అంటే అదీ లేదు. దిగువ కోర్టు 2015లో ఉరిశిక్ష వేసినది, 2018లో బొంబాయి హైకోర్టు ఖాయం చేసినది, 2025 జనవరి 28న సుప్రీంకోర్టు నిందితుణ్ణి నిర్దోషిగా విడిచిపెట్టినది. సాక్ష్య చట్టం 65బి ప్రకారం జతపరచవలసిన ధ్రువపత్రం లేనందున ఆ కెమెరా దృశ్యాలు సాక్ష్యానికి పనికిరావన్నది. తీర్పును నేను తప్పుపట్టను. రుజువు లేనిచోట ఉరి తగదు. అయితే ఆ పిల్లకు జరిగినదానికి నేడు దోషి అంటూ ఎవడూ లేడు. ఈలోగా 983 స్టేషన్లకు కెమెరాలని నిర్భయ నిధినుండి 500 కోట్లు రైల్వేకు కేటాయించినారు.

అదే రైల్వే మరొక పని కూడా చేసినది, న్యాయంగా దానినీ చెప్పాలి. 2020 అక్టోబరులో ‘మేరీ సహేలీ’ పేరిట రైల్వే రక్షకదళ మహిళలు, ఒంటరిగా ప్రయాణించే స్త్రీలను రైలు బయలుదేరేచోటనే పలకరించి, బెర్తు సంఖ్య రాసుకొని, దారిలోని స్టేషన్లకు తెలియజేసే పద్ధతి దేశమంతటా పెట్టినారు. మనుషులు, మాట, ఒక కాగితం. కనుక చేతకాని పనేమీ కాదు. బస్సు ప్రయాణికురాలికి ఆపాటి పలకరింపు ఏదీ?

2025 ఆగస్టు 15 నుండి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు మొదలు ఎక్స్‌ప్రెస్ దాకా ఆడవారికి ఉచితమైనది. మంచిదే, ఈర్ష్యతో మూతి విరిచేవారితో నాకు పొత్తు లేదు. అయితే టిక్కెట్టు మాఫీ చేసినంతనే బస్టాపులో దీపం వెలగదు. బస్సు ఆర్టీసీది, రోడ్డు ఆర్అండ్‌బీది, దీపం పంచాయతీది, కేసు పోలీసులది; నిలుచున్న పిల్ల మాత్రం ఏ శాఖకూ చెందదు. పూర్వం కండక్టరు ఉండేవాడు. చిల్లర దగ్గర కసురుకున్నా, చీకటివేళ దిగిన ఆడపిల్లకోసం తండ్రి వచ్చేదాకా బస్సు ఆపించిన కండక్టర్లను నేనెరుగుదును. ఇప్పుడు చాలా సర్వీసుల్లో డ్రైవరే టిక్కెట్టు కొట్టాలి, డ్రైవరే రోడ్డు చూడాలి. పొదుపు చేసినది ఎవరి రక్షణనో లెక్క కట్టినవారు లేరు.

మా కూచిపూడిలో గజ్జె కట్టిన పసిపిల్లకు సైతం తెలుసు, అభయం పట్టాలంటే ముందు చేయి ఎత్తాలి. పెట్టెలకు రిబ్బను కత్తిరించవచ్చును, ఫోటో దిగవచ్చును. నెలనెలా ఇచ్చే జీతానికి ఆ వైభోగం లేదు. అందుకే పెట్టెలు వస్తవి, మనుషులు రారు.

నేనడిగేది కొంచెమే. ఉయ్యూరు, పామర్రు, గుడివాడ, చల్లపల్లి, అవనిగడ్డ, ఈ అయిదు కూడళ్లలో మునిమాపునుండి చివరి బస్సు వెళ్లేదాకా ఇద్దరేసి హోంగార్డులు, అందులో ఒకరు స్త్రీ. వారి చేతిలో ఒక పుస్తకం, బయలుదేరే ప్రతి ఆటో సంఖ్య అందులో రాయాలి. తలమీద ఒక దీపం. వీరి జీతాన్ని ప్రయాణరక్షణ పద్దులోనే, పరికరాల వరుసకు పైన, మొదటి అంశంగా చూపాలి. రానున్న బడ్జెటు సమావేశాలలో మన కృష్ణాజిల్లా శాసనసభ్యులలో ఒక్కరైనా లేచి ఈ ప్రశ్న వేస్తారేమో చూస్తాను.