వంశదోషమను మాట

పసిబిడ్డకు రక్తపు క్యాన్సరు, అనగా ల్యుకేమియా, కలిగినదని తెలియగానే మన యిండ్లలో మొదట వినవచ్చు ప్రశ్న చికిత్స యెక్కడ అని కాదు. ఇది యెవరి వంశమునుండి వచ్చినది అని. పిమ్మట తల్లిని నిందించుట, ఆపైన అక్కచెల్లెండ్ర పెండ్లి సంబంధములు చెడునన్న భయముతో వ్యాధిని దాచుట. ఈ నిందకు శాస్త్రములో ఆధారము లేదని మేము దృఢముగా చెప్పదలచితిమి.

మన హోసూరు వంటి చోట్ల వైద్యులు తమిళముననో, కన్నడముననో, ఇంగ్లీషుననో వివరింతురు. 'జెనెటిక్' అను మాట చెవిని బడినంతనే మనము దానిని 'వంశవ్యాధి' యని తెలుగు చేసికొందుము. తెలుగు ఉపాధ్యాయులమైన మాకిది అనువాదదోషముగా తోచును. పుట్టుకతో వచ్చినది వేరు, వంశమునుండి వచ్చినది వేరు. పిల్లలలో తరచుగా కనబడు ఒక రకపు ల్యుకేమియాకు మూలమైన జన్యుమార్పు గర్భస్థశిశువు రక్తకణములలో క్రొత్తగా ఏర్పడును. తల్లియందు గాని తండ్రియందు గాని అది యుండదు. ఆ మార్పుతో పుట్టిన పిల్లలలో సైతము అత్యధికులకు వ్యాధియే రాదు.

మరి వంశమునుండి వచ్చునది ఏమియు లేదా? కలదు, కాని స్వల్పము. రోగనిరోధక శక్తిని నడపు జన్యువులు తలిదండ్రులనుండియే సంక్రమించును. వానిలో ఆరవ క్రోమోజోముపై నున్న హెచ్.ఎల్.ఏ. కూటమి ప్రసిద్ధము. ఎలుకలలో ఇట్టి కూటమియే వైరసువలని ల్యుకేమియాకు లోనగుటను ప్రభావితము చేయునని 1964లో ఫ్రాంక్ లిల్లీ, అతని సహచరులు చూపిరి. మనుష్యులలో ఫలితము లంత స్పష్టముగా లేవు. ఒక పరిశోధన ఔననగా మరియొకటి కాదన్నది. 2009లో తెల్లరక్తకణముల పెరుగుదలకు సంబంధించిన ఐ.కె.జెడ్.ఎఫ్.1 మొదలగు జన్యువులలోని భేదములు బయటపడినవి. ఒక్కొక్క భేదము ప్రమాదమును సుమారు ఒకటిన్నర రెట్లు పెంచును. భయపడక లెక్క వేయుడు: పాశ్చాత్య దేశములలో సుమారు 2,000 మంది పిల్లలలో ఒకరికి వచ్చు వ్యాధి, 4,000 మందిలో ముగ్గురికి వచ్చును. అంతియే! ఈ భేదములు ఆరోగ్యవంతులలోను సాధారణమే. నిందించు అత్తవారియందును ఉండవచ్చును. డౌన్ సిండ్రోము గల పిల్లలలోను, అరుదైన కొన్ని కుటుంబములలోను ప్రమాదము అధికమను మాట నిజమే. కాని అది వైద్యులు పరీక్షించి చెప్పవలసినదే గాని ఇరుగుపొరుగువారు చెప్పునది కాదు.

ఈ వ్యాధి చికిత్సా చరిత్రలో 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారికి స్థానము కలదు. అమెరికాలో వారి బృందము తయారుచేసిన అమినాప్టెరిన్ అను మందుతో పిల్లలలో వ్యాధి తాత్కాలికముగా తగ్గినదని 1948లో సిడ్నీ ఫార్బర్ ప్రకటించెను. నేడు సంపన్న దేశములలో ఈ వ్యాధి ముఖ్యరకము నూటికి సుమారు 90 మంది పిల్లలకు నయమగుచున్నది. మందులకు లొంగని కొందరికి ఎముకమూలుగ మార్పిడి అవసరమగును. అప్పుడు మొదట పరీక్షింపబడువారు తోబుట్టువులే; ఒక్కొక్కరి హెచ్.ఎల్.ఏ. పూర్తిగా సరిపోవుటకు నాలుగింట నొకపాలు అవకాశము కలదు. పెండ్లి కొరకు ఏ చెల్లెలికి సంగతి దాచితిరో ఆమె రక్తమే కావలసి రావచ్చును.

విడువని జ్వరము, పాలిపోవుట, చర్మముపై నెత్తురు మచ్చలు, ఎముకల నొప్పి కనబడినచో ఆలసింపక రక్తపరీక్ష చేయింపుడు. వైద్యుని మాట అర్థము కానిచో కాగితముపై వ్రాయించుకొని పాఠశాలకు తెండు. తెలుగులో చెప్పెదము.