మంచము పట్టినవారి నిద్ర

ఆకలి రుచి యెఱుగదు, నిద్ర సుఖ మెఱుగదు అని మన పెద్దల సామెత. ఒడలు కదల్పగలవారికే యిది చెల్లును. కటిక నేలపైనను మనము నిద్రింపగలుగుట, తెలియకుండనే రాత్రి పలుమారులు ప్రక్క మార్చుకొనుట చేతనే. పక్షవాతముచేతనో, వెన్నెముక దెబ్బతినుటచేతనో, వార్ధకముచేతనో మంచము పట్టినవారి కా భాగ్యము లేదు. ఎముకకును పఱుపునకును నడుమ మాంసము నలిగి, రక్తప్రసారము నిలిచి, కొన్ని గంటలలోనే చర్మము చెడనారంభించును. నొప్పి తెలియు రోగికి నిద్ర పోవును; తెలియని రోగికి పుండు పడును.

ఇది మందులచేతనే తీరు బాధ కాదు. 1832లో నీల్ ఆర్నట్ అను వైద్యుడు నీటి తొట్టెపై రబ్బరు గుడ్డ పఱచి రోగిని తేలించు శయ్యను కల్పించెను. 1944లో ఇంగ్లండునందు స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్, వెన్నెముక విఱిగిన సైనికులను రేయింబవళ్లు రెండేసి గంటల కొకమారు ప్రక్క త్రిప్పించి, బ్రదుకరని లోకము వదలుకొన్నవారిని లేపి కూర్చుండబెట్టెను. నేడు గాలి పఱుపులు వచ్చినవి. ఒక వరుస ఉబ్బగా వేఱొక వరుస అణగి, బరువు నొకచోట నిలువనీయవు. ఐనను ప్రక్క త్రిప్పుట మానరాదు.

మన నగరమున కీ విద్య క్రొత్తది కాదు. హైదరాబాదు క్షిపణి ప్రయోగశాలలో పనిచేసిన అబ్దుల్ కలాముగారు, నిమ్స్ వైద్యుల కోరికపై, అగ్ని క్షిపణికి వాడిన తేలిక పదార్థముతో పిల్లల కాలిపట్టీలు చేయించిరి. సుమారు 3 కిలోల బరువు సుమారు 300 గ్రాములకు తగ్గెను. నడువలేని బిడ్డకు జరిగిన మేలు, కదలలేని తల్లికి జరుగరాదా?

దొరకు సామగ్రి మన యిండ్లకు సరిపడవలెను గదా! నాంపల్లి సందులలో ఒక్క గదిలో కాపురమున్న సంసారములు కలవు. నవారు మంచము నడుమ క్రుంగును. కరెంటు పోయినచో గాలి పఱుపు దిగిపోవచ్చును. ప్లాస్టికు దుప్పటి వేసవిలో చెమట పట్టించును. పిరుదుల క్రింద నుంచెడి గుండ్రని రబ్బరు చక్రము చుట్టును రక్తము నాపి మేలుకు మాఱుగా కీడు చేయును. కావున కావలసినవి యివి: కరెంటు లేకున్నను గాలి నిలుపుకొను పఱుపు; నిద్ర చెఱుపని మోటారు; ఉదుకుటకు వీలైన గవుసెన; వీపును 30 డిగ్రీలు ఒరగించి యుంచు దిండు; మడమలు పఱుపు నంటకుండ పిక్కల క్రింద నుంచు దిండు; ఒక్కరే రోగిని ప్రక్క త్రిప్పుటకు పనికివచ్చు జారుడు దుప్పటి. బూరుగు దూదియు, కుట్టుపనివాని నేర్పును చాలినవి వీనిలో కొన్ని.

సేవ చేయువారుండగా సాధనము లేల యని కొందఱందురు. రాత్రి రెండేసి గంటలకు లేచు కోడలి నిద్ర మాటయో? ఆమె నడుము విఱిగినచో మంచము పట్టువా రిద్దఱగుదురు.

శాసనమును మూగగా లేదు. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము 24వ సెక్షను, ఆదాయపరిమితికి లోబడి, ఉపకరణములను ఉచితముగా నిచ్చుటను ప్రస్తావించుచున్నది. 28వ సెక్షను పరిశోధనను ప్రభుత్వముపై నుంచుచున్నది. అడుగని హక్కు కాగితముపైననే నిదురించును.

కావలసిన సంస్థలన్నియు ఒక్క పిలుపు దూరములో నున్నవి. నుమాయిష్ 1938లో స్వదేశపు సరకుల ప్రదర్శనముగా పబ్లిక్ గార్డెన్సునందు పుట్టినది. దానిని నడుపు సొసైటీవారి కమలా నెహ్రూ పాలిటెక్నిక్ నాంపల్లి మైదానమునందే కలదు. చెంతనే రెడ్‌హిల్సులో మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రి కలదు. విద్యార్థినులు రూపొందింపవలెను, దాదులును రోగులును పరీక్షించి తప్పులు చెప్పవలెను, నుమాయిష్‌లో ఒక అంగడి వానికై కేటాయింపవలెను. ఆబిడ్సు వర్తకులు తలా కొంత వేసికొని పఱుపులు కొన్నచో, పఠనమందిరములు పుస్తకములవలెనే వానిని అరువిచ్చి, రోగి తేఱినపిమ్మట శుభ్రపఱచి వేఱొక యింటికి పంపవచ్చును.

పాఠకులారా! మీ వీథిలో మంచము పట్టినవా రెందఱో యీ వారమే లెక్కింపుడు. ఆ లెక్కతో సొసైటీవారికి మహజరు వ్రాయుడు. వచ్చు జనవరి నుమాయిష్ తలుపులు తెఱచునప్పటికి మన పఱుపొక్కటియైనను అందుండవలెను.