డబ్బాపై రంగు చెప్పేది సగం మాటే

పురుగుమందు కొనే రైతు దుకాణంలో ముందుగా అడిగేది పురుగు చస్తుందా లేదా అన్నదే. కొట్టేవాడికి ఎంత ప్రమాదమో తెలిపే గుర్తు కూడా ఆ డబ్బాపైనే ఉంటుంది. మూలపై నిలబెట్టిన చదరంలో కింది సగానికి ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చలలో ఏదో ఒక రంగు వేస్తారు. ఆ రంగును తేల్చేది ప్రయోగశాలలోని జంతువులపై జరిపే విషపరీక్ష.

1958లో కేరళలో పారాథియాన్ అనే పురుగుమందు కలిసిన ఆహారం తిని వందమందికి పైగా మరణించారు. ఆ దుర్ఘటన తర్వాతే 1968లో క్రిమిసంహారక మందుల చట్టం, 1971లో దాని నిబంధనలు వచ్చాయి. రంగుల గుర్తు ఆ నిబంధనలలోనిదే.

లెక్క ఇలా ఉంటుంది. ఎలుకలకు మందును వేర్వేరు మోతాదులలో ఇచ్చి, వాటిలో సగం చనిపోయే మోతాదును కనుగొంటారు. నోటి ద్వారా ఇచ్చినప్పుడు ఆ మోతాదు కిలో బరువుకు 50 మిల్లీగ్రాములు దాటకపోతే ఎరుపు, 51 నుంచి 500 వరకు పసుపు, 501 నుంచి 5,000 వరకు నీలం, ఆపైన ఆకుపచ్చ. చర్మానికి తగిలితే కలిగే హానికి వేరే కొలతలున్నాయి. ఈ పద్ధతిని 1927లో ట్రెవన్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు రూపొందించాడు. ఎన్నో ఎలుకలను బలిగొనే ఆ పాత పద్ధతికి బదులు, కొద్ది ఎలుకలతోనే ముగిసే పరీక్షలు తర్వాత వచ్చాయి.

చదువు రాని కూలీకి సైతం అర్థమయ్యే గుర్తు కనుక దీని మేలును కాదనలేము. అయితే ఒక మందు ఒక్కసారి ఒంట్లోకి పోతే ఎంత ప్రాణాపాయమో మాత్రమే అది చెబుతుంది. పొలంలో పరిస్థితి వేరు. అక్కడ కూలీ రోజుల తరబడి మందు కొడతాడు. రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలపడమూ మామూలే. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మంది వరకు మరణించారు. మందులు కలిపి కొట్టడం, ముఖానికి, చేతులకు రక్షణ లేకపోవడం అందుకు కారణాలుగా చెప్పారు.

కలుపు మందు పారాక్వాట్ సంగతి మరొకటి. ఎలుకల కొలత ప్రకారం అది ఎరుపు తరగతికి రాదు. కానీ కడుపులోకి పోతే దానికి విరుగుడు లేదు. ఈ సంగతి రంగును బట్టి తెలియదు.

మందును నమోదు చేసుకునే కంపెనీ నెలల తరబడి జంతువులకు మేపి చూసిన ఫలితాలనూ, చేపలకు, పక్షులకు, తేనెటీగలకు కలిగే హానినీ ప్రభుత్వానికి సమర్పించాలి. అవన్నీ ఆ చిన్న చదరంలో ఇమిడేవి కావు.

అందుకే డబ్బాతో పాటు ఇచ్చే కరపత్రం ముఖ్యం. విష లక్షణాలు, ప్రథమ చికిత్స, విరుగుడు మందు అందులో ఉండాలని నిబంధన. దుకాణదారు దానిని ఇవ్వాలి, రైతు అడిగి తీసుకోవాలి. వ్యవసాయాధికారులు ఊరూరా దానిని చదివి వినిపించాలి. మందు కొట్టినవారికి వాంతులు, కళ్లు తిరగడం వంటివి కనిపిస్తే ఆ డబ్బానూ, కరపత్రాన్నీ వెంట తీసుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి. ఏ మందో తెలిస్తేనే డాక్టరు సరైన వైద్యం చేయగలడు. ఆకుపచ్చ రంగు చూసి మంచినీళ్లతో సమానమనుకోవడం మాత్రం ప్రాణాలతో చెలగాటమే.