కుట్లు విప్పేదాకా పూచీ మాదే

ఏజెన్సీ ఆసుపత్రులకు వెళ్ళి ఆపరేషన్లు చేసే సర్జన్లం, మత్తు డాక్టర్లం, థియేటర్ నర్సులం మేము. భద్రాచలం, ఉట్నూరు, పాడేరు... ఎటునుంచి పిలుపొచ్చినా ఈ కట్టుబాట్లతోనే వెళ్తామని ప్రకటిస్తున్నాం.

ఎన్ని కేసులు చేశామన్న గొప్ప మాకు వద్దు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఒక్క శిబిరంలో కొన్ని గంటల్లోనే 83 మంది ఆడవాళ్ళకు కు.ని. ఆపరేషన్లు చేశారు. ఆ జిల్లా శిబిరాలకు వెళ్ళినవారిలో 13 మంది చనిపోయారు. ఇలాంటి శిబిరాలను మూడేళ్ళలో ఆపేయాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా 2022 ఆగస్టులో మన ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి చేస్తే నలుగురు తల్లులు పోయారు. ఇవి తెలిసీ జాబితా పొడవు చూసి మురిసిపోయే సర్జన్‌కు మాలో చోటు లేదు.

ఆటోక్లేవ్ నుంచి ఎన్ని సెట్లు శుద్ధిగా బయటికొస్తే ఆ రోజుకు అన్నే కేసులు. టేపు మీద నల్లచారలు తేలాయా, లోపలి స్ట్రిప్ రంగు మారిందా చూడనిదే ఏ సెట్టూ వాడం. నిండు ఆక్సిజన్ సిలిండరు పక్కన రెండోది, తాళంచెవితో సహా సిద్ధంగా లేకపోతే మత్తు ఇవ్వం. పొట్ట మూసేముందు మాపులు, సూదులు అందరికీ వినబడేలా లెక్కపెడతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన చెక్‌లిస్టును ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి దిగాయి. దానికయ్యే ఖర్చు ఒక కాగితం.

గిరిజన ప్రాంతాల్లో సికిల్‌సెల్ పరీక్ష చేయించకుండా, ఆగగలిగే ఆపరేషన్ ఏదీ మొదలుపెట్టం. ఆక్సిజన్ తగ్గినా, ఒళ్ళు చల్లబడినా, ఒంట్లో నీరు తగ్గినా ఆ రోగుల ఎర్రకణాలు వంగిపోయి రక్తనాళాలకు అడ్డుపడతాయి.

కోయ, గోండి, కొలామి, కువి మాట్లాడే మనిషితో తెలుగు ఫారం మీద వేలిముద్ర వేయించుకోవడం ఒప్పుకోలు కాదు. వాళ్ళ భాషలో చెప్పిస్తాం, ఏం చేయబోతున్నామో వాళ్ళ నోటే తిరిగి వింటాం. వద్దంటే కసురుకోం.

మా ఊళ్ళో చేయని ఆపరేషన్ ఇక్కడ చేయం. పేదవాడి ఒంటి మీద చేయి తిప్పుకోవడం నేరం. చవకదనం సంగతి వేరు. హెర్నియాకు శుద్ధి చేసిన దోమతెర గుడ్డ ఖరీదైన మెష్‌కు తీసిపోదని ఉగాండాలో జరిగిన పరీక్ష 2016లో తేల్చింది. అలా రుజువైనదాన్ని సంతోషంగా వాడతాం.

ఆ ఆసుపత్రి డాక్టరే మాకు పెద్ద. ఆవిడో ఆయనో వద్దన్న కేసు ముట్టం. అర్ధరాత్రి రక్తం కారితే పరుగెత్తేది వాళ్ళే కదా! అందుకే పెద్ద ఆపరేషన్లన్నీ వెళ్ళిన మొదటి రోజుల్లోనే. చివరి రోజుల్లో డ్రెస్సింగులు, రౌండ్లే. కేస్ షీట్ మీద మా ఫోన్ నంబరు ఉంటుంది. చీము పట్టినా, కుట్లు తెగినా కోసినవారే తిరిగి వస్తారు.

మాతో రాదలచిన డాక్టర్లకు ఒక్క మనవి. శని, ఆదివారాలే ఖాళీ ఉంటే ఓపీ చూడటానికి రండి, నర్సులకు నేర్పడానికి రండి. కత్తి పట్టేవారు మాత్రం ఆపై వారమంతా సెలవు పెట్టుకునే బయల్దేరండి.