ముగియని పనికి ముగిసెనన్న సమాధానం

వ్యాకరణం చెప్పిన నోటితో ప్రోగ్రాముల మాట ఎత్తితే మిత్రులు కొందరు నవ్వుతారు. నవ్వనీయండి. పదవీ విరమణానంతరం పద్యాలకు గణవిభజన చేసే చిన్న ఉపకరణం కోసం సీ షార్ప్ అభ్యసించాను గనుక, ఆ భాషలో నాకు కంటకంగా తోచిన ఒక విషయం విన్నవిస్తాను.

"వ్రాసి మూసెను" అన్నప్పుడు "వ్రాసి" అనేది క్త్వార్థకం. వ్రాత పూర్తయిన పిమ్మటనే మూత అన్న క్రమాన్ని ఆ ఒక్క ఇకారం నిర్ణయిస్తుంది. "వ్రాయుచు మూసెను" అంటే శత్రర్థకం. రెండు పనులూ ఏకకాలంలో జరుగుతాయి. 2012లో సీ షార్ప్ ఐదవ కూర్పుతో వచ్చిన అవెయిట్ చేసేది క్త్వార్థకం చేసే పనే. పైగా, పని పూర్తయ్యేదాకా తెర స్తంభించదు. ఇది మెచ్చుకోదగిన ఏర్పాటే.

చిక్కంతా ఈవెంట్ హ్యాండ్లర్ల దగ్గర వస్తుంది. మీట నొక్కినప్పుడు నడిచే హ్యాండ్లరు సంప్రదాయం ప్రకారం ఏమీ తిరిగి ఇవ్వదు. అందులో అవెయిట్ వాడాలంటే అసింక్ వాయిడ్ అని వ్రాయక తప్పదు. టాస్క్ ఇచ్చే పద్ధతిలో, పిలిచినవాడి చేతికి ఒక చీటీ దక్కుతుంది. దానిని పట్టుకొని వేచి ఉండవచ్చు. వాయిడ్‌లో చీటీ లేదు. పూర్తికాని మొదటి అవెయిట్ దగ్గరే అదుపు పిలిచినవాడికి తిరిగి వెళుతుంది. అతడు పని ముగిసిందనుకొంటాడు.

దీని ఫలితం నా మిత్రుడొకడు అనుభవించాడు. ఒక ప్రబంధానికి వ్యాఖ్య వ్రాసుకొంటూ, ఎవరో రూపొందించిన ఒక ఎడిటరును మూశాడు. మరునాడు తెరిస్తే మూడవ ఆశ్వాసం సగమే ఉంది. మూలరచన దొరికితే విప్పి చూశాను. విండో మూసే ఈవెంటులో దస్త్రాన్ని అవెయిట్‌తో భద్రపరుస్తున్నారు. హ్యాండ్లరు తిరిగి వచ్చింది గదా అని విండో మూసుకొన్నది, ప్రోగ్రాము ముగిసింది. పాత ప్రతి చెరిగిపోయింది, కొత్తది పూర్తిగా పడలేదు. వ్రాయుచు మూసినారన్నమాట!

దీనికి కొందరు చెప్పే మందు రోగం కంటె చెడ్డది. టాస్కును వెయిట్ అని బలవంతాన నిలబెడితే, అవెయిట్ తరువాతి భాగం సాధారణంగా నడవవలసినది ఆ నిలబడిన థ్రెడ్ మీదనే. తాళంచెవి పెట్టెలో ఉంచి పెట్టెకు తాళం వేసినట్లవుతుంది. డూఈవెంట్స్‌ను చక్రంలో తిప్పడం మరొకటి. ఆ నడుమ వాడుకరి అదే మీట మళ్ళీ నొక్కితే అదే హ్యాండ్లరు మళ్ళీ మొదలవుతుంది. సరైన దారి వేరు. అవెయిట్‌కు ముందే క్యాన్సిల్‌ను నిజం చేసి మూతను ఆపాలి. భద్రపరచడం పూర్తయ్యాక, ఇక మూయవచ్చునన్న గుర్తు పెట్టుకొని, మనమే మరల మూయాలి.

అయితే ఈ భారమంతా హ్యాండ్లరు వ్రాసేవాడి మీద వేయడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఈవెంటును రూపొందించినవాడే వేచి ఉండే మార్గం చూపాలి. 2012 నాటి విండోస్ 8లో, అప్లికేషనును నిద్రపుచ్చే ముందు వచ్చే ఈవెంటుకు డిఫరల్ అనే ఏర్పాటు ఉండెను. హ్యాండ్లరు గడువు కోరుతుంది. పని కాగానే అయినదని చెబుతుంది. గడువుకు హద్దు ఉన్నా, అడిగే వీలైతే ఉంది. అది మర్యాద.

మన సొంత ఈవెంట్లకైతే టాస్క్ ఇచ్చే డెలిగేటు చాలు. ఒక మెలకువ: దానికి పలువురు హ్యాండ్లర్లు చేరి ఉంటే, నేరుగా పిలిచినప్పుడు చివరివాడి టాస్కు మాత్రమే చేతికి వస్తుంది. అందరినీ విడివిడిగా పిలిచి, చీటీలన్నీ కూర్చి, వెన్ఆల్‌తో నిరీక్షించాలి. నాలుగైదు పంక్తుల శ్రమ. "చిన్న ప్రోగ్రామే గదా" అని దానిని ఎగవేసేవారిని చాలామందిని చూశాను. ఆశ్వాసం చిన్నది కాదు.

ఇట్టి ఈవెంటుకు తెలుగులో ఒక పేరు కావాలి. "సప్రత్యుత్తర ఘటన" అని వ్రాసి చూశాను. పలకడానికే గడువు కోరవలసి వస్తున్నది. ఇంతకంటె సుకుమారమైనది తోచినవారు చెప్పండి.