సార్‌ని పంపించాలా? నడిపేది నేనైతే!

‘బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతోంది’ అన్నాను. మెకానిక్ నా వంక చూడకుండానే, ‘సార్‌ని ఓసారి పంపించండి మేడమ్’ అన్నాడు. మావారు ఆ కారు ముట్టుకోనే ముట్టుకోరు. పిల్లల్ని బడిలో దింపి ఆఫీసుకు వెళ్లేది నేను. వణుకు తెలిసేది నా చేతులకు. సార్ వచ్చి ఏం చెబుతారట?

ముందు వీల్ బ్యాలెన్సింగ్ చేశారు. తర్వాత అలైన్‌మెంట్ అన్నారు. డబ్బు పోయింది గానీ వణుకు పోలేదు. ఇక లాభం లేదని వారంపాటు గమనించి, కాగితం మీద రాసుకున్నాను. ఎనభై వేగంలో వెళ్తున్నా వణుకు లేదు. బ్రేక్ నొక్కగానే మొదలు. పాదం కింద పెడల్ కూడా కొట్టుకుంటోంది. పైగా ఇదంతా శ్రీశైలం ఘాట్ దిగి వచ్చాకే.

ఈసారి ‘నేను నడుపుతాను, పక్కన కూర్చుని చూడండి’ అన్నాను. ఓ రౌండ్ తిరిగొచ్చాక అతను మారుమాట్లాడకుండా ముందు చక్రాలు విప్పాడు. కొలిస్తే, డిస్కు మందం అంతటా ఒకేలా లేదు!

మనం గుర్తుంచుకోవలసింది కొంచెమే. బ్రేక్ వేయకుండానే ఏదో ఒక వేగం దగ్గర వణికితే టైర్లు, బ్యాలెన్సింగ్ చూపించాలి. బ్రేక్ వేసినప్పుడే వణికితే డిస్కులు చూపించాలి. స్టీరింగ్ వణికితే ఎక్కువగా ముందు చక్రాలు, సీటు వణికితే వెనకవి. ఏబీఎస్ ఉన్న కారులో సడన్ బ్రేక్ వేస్తే పెడల్ టకటకలాడటం మాత్రం మామూలే.

‘డిస్కు వంగింది’ అనేస్తారు గానీ చాలాసార్లు అది వంగదు. బాగా వేడెక్కినప్పుడు పెనానికి దోసెపిండి అంటుకున్నట్టు, ప్యాడ్ల పదార్థం అక్కడక్కడా డిస్కుకు అంటుకుంటుంది. చక్రం నట్లు హెచ్చుతగ్గులుగా బిగించినా డిస్కు సమంగా కూర్చోక తేడాగా అరుగుతుంది. డిస్కు మీద కనీస మందం ఎంతో అచ్చేసి ఉంటుంది. లేత్ పట్టించాక కూడా అంతకు తగ్గదనుకుంటేనే పట్టించాలి. లేదంటే రెండువైపులా డిస్కులు, ప్యాడ్లు కలిపి మార్చాల్సిందే. నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా, టార్క్ రెంచితో బిగించమనండి. ఘాట్ దిగేటప్పుడు బ్రేక్ మీదే కాలు ఉంచకుండా చిన్న గేరులో దిగండి.

ఇందుకోసం మనం రెంచి పట్టక్కర్లేదు. డాక్టరు దగ్గర నొప్పి ఎక్కడో, ఎప్పుడు వస్తుందో చెప్పుకోమూ? ఇదీ అంతే. బ్రేకుల సంగతి ‘మీ అనుమానం మేడమ్’ అని కొట్టేస్తే ఊరుకుని వచ్చేయడం మన మర్యాద అనుకుంటాం. కానీ ఆ కారు వెనక సీట్లో కూర్చునేది మన పిల్లలే కదా!