ఐసుకి అందని చల్లదనం

కొల్లేరు చేప కోల్‌కతా దాకా చెడకుండా చేరేది ఐసు పుణ్యాన. అణువు లోపలి కణాలను పరుగెత్తించే కొన్ని యాక్సిలరేటర్లకు ఆ చలువ ఏ మూలకీ చాలదు. వాటిలో పూసలు గుచ్చినట్టుండే నయోబియం గొట్టాలను, అంటే కేవిటీలను, మైనస్ 271 డిగ్రీల ద్రవ హీలియంలో ముంచి ఉంచాలి. అక్కడ ఒక్క వాట్ వేడిని తోడెయ్యాలంటే బయట వందల వాట్ల కరెంటు కాలాలి. అదీ అసలు బాధ!

అమెరికాలోని ఫెర్మిల్యాబ్‌లో అన్నా గ్రాసెలినో బృందం 800 డిగ్రీల కొలిమిలో నయోబియానికి నైట్రోజన్ పట్టించింది. వాళ్లు ఆశించింది పైన కొత్త పూత. అది కుదరలేదు. కొద్ది మైక్రాన్ల పొర తీసేసి చూస్తే మాత్రం వేడి బాగా తగ్గిపోయింది! 2013లో ఈ సంగతి ప్రకటించారు. 2023లో తొలి కిరణం వెలువరించిన కాలిఫోర్నియా ఎక్స్‌రే లేజర్‌లో ఇలాంటి కేవిటీలే ఉన్నాయి. మన దగ్గర ఇండోర్‌లో కేవిటీలు చేస్తున్నారు. నయోబియం తయారీ హైదరాబాద్ ఎన్‌ఎఫ్‌సీకి తెలిసిన విద్యే.